ఇంటి దొంగను పట్టించే బ్యాక్టీరియా

(సైన్స్ దినోత్సవం సందర్భంగా హనుమకొండలో డిగ్రీ విద్యార్థులు, వాళ్ల కుటుంబాల సమక్షంలో ఒక మైక్రోబయాలజీ అధ్యాపకుడు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినబడుతోందా? మైకు కొంచెం గరగరమంటోంది, సర్దుకుందాం.

ముందు ఈ ప్లేటు చూడండి. మొదటి వరుస నుంచి వెనక్కి పంపిస్తున్నా. చుట్టూ టేపు అంటించి ఉంది, అది మాత్రం విప్పొద్దు. అగార్ మీద, అంటే బ్యాక్టీరియాను పెంచే జెల్లీ మీద, కుంకుమ రంగులో, గుండ్రంగా, తడితడిగా మెరుస్తున్నాయి కదా, అవి సెరేషియా మార్సెసెన్స్ అనే బ్యాక్టీరియా కాలనీలు. ల్యాబులో బల్ల మీద మామూలు గది వేడిలో పెంచాం కాబట్టి ఆ ఎరుపు వచ్చింది. దీన్నే ఇంక్యుబేటర్లో 37 డిగ్రీల దగ్గర పెడితే తెల్లగా పెరుగుతుంది. రెండు ప్లేట్లూ పక్కపక్కన పెట్టి రెండూ ఒకటే అంటే ఫస్టియర్ పిల్లలు ఏ ఏడూ నమ్మరు.

దీన్ని ఇవాళ ఎందుకు పట్టుకొచ్చానంటే, 130 ఏళ్ల క్రితం న్యూయార్క్‌లో ఒక సర్జన్ దీన్ని చంపి, ఇంకో బ్యాక్టీరియాతో కలిపి, క్యాన్సర్ రోగులకు సూది వేశాడు. కొందరికి గడ్డలు కరిగిపోయాయి. అందరికీ కాదు. ఆ 'కొందరికి' అన్న మాట గుర్తుపెట్టుకోండి, ఇవాళ్టి నా ప్రసంగమంతా దాని చుట్టూనే.

ఆయన పేరు విలియం కోలీ. కొత్తగా ప్రాక్టీసు మొదలుపెట్టిన రోజుల్లో బెస్సీ డాషియెల్ అనే 17 ఏళ్ల అమ్మాయి చేతి నొప్పితో ఆయన దగ్గరికి వచ్చింది. చూస్తే ఎముక సార్కోమా, అంటే ఎముక, కండ లాంటి చోట్ల పుట్టే క్యాన్సర్. చేయి తీసేశాడు, అయినా ఒళ్లంతా పాకి 1891 జనవరిలో ఆ పిల్ల చనిపోయింది. కోలీ దాంతో నిలవలేక ఆసుపత్రి పాత రికార్డులన్నీ తిరగేశాడు. అందులో స్టైన్ అనే రోగి కేసు దొరికింది. మెడ మీద సార్కోమా, ఎన్నిసార్లు కోసినా మళ్లీ వచ్చేది. చివరి ఆపరేషన్ తర్వాత ఆ పుండుకు ఎరిసిపెలాస్ పట్టుకుంది. అంటే చర్మం ఎర్రగా కందిపోయి, వాచి, కాలిపోయే జ్వరం తెచ్చే ఇన్ఫెక్షన్. యాంటీబయాటిక్స్ లేని రోజులు, మనిషి పోతాడనే అనుకున్నారు. జ్వరం తగ్గింది, దాంతోపాటు గడ్డా పోయింది. కోలీ న్యూయార్క్ గల్లీల్లో ఇల్లిల్లూ తిరిగి ఆ మనిషిని వెతికి పట్టుకున్నాడు. ఏడేళ్లయినా నిక్షేపంగా ఉన్నాడు, మెడ మీద మచ్చ తప్ప ఇంకేమీ లేదు.

ఇక్కడ ఒక మాట. రికార్డుల్లో ఇలాంటి వింత కేసు కనబడితే చాలామంది 'అబ్బో' అనుకుని పేజీ తిప్పేస్తారు. కోలీ తిప్పలేదు. అదే 1891లో జోలా అనే ఇటలీ నుంచి వచ్చిన రోగికి, గొంతులో గడ్డతో ముద్ద మింగలేని స్థితిలో ఉన్న మనిషికి, ఎరిసిపెలాస్ తెచ్చే స్ట్రెప్టోకాకస్‌ను బతికున్నదాన్నే సూదితో ఎక్కించాడు. నెలల తరబడి ఎక్కించినా పెద్ద ఫలితం లేదు. చివరికి బెర్లిన్‌లో రాబర్ట్ కోఖ్ దగ్గర్నుంచి తెప్పించిన గట్టి కల్చర్, అంటే ల్యాబులో పెంచిన బ్యాక్టీరియా, వేస్తే గంటలోపే చలి, వణుకు, విపరీతమైన జ్వరం. రెండో రోజు నుంచి గడ్డ మెత్తబడి విరిగిపోవడం మొదలైంది. ఆ మనిషి ఇంకో ఎనిమిదేళ్లు బతికాడు.

అయితే బతికున్న స్ట్రెప్టోకాకస్ ఎవరి మాటా వినదు. ఇన్ఫెక్షన్ ముదిరి ఇద్దరు రోగులు చనిపోయారు. దాంతో కోలీ బ్యాక్టీరియాను చంపి వాడటం మొదలుపెట్టాడు. స్ట్రెప్టోకాకస్‌కు తోడు మీ చేతుల్లో తిరుగుతున్న సెరేషియాను కలిపాడు. 'కోలీ టాక్సిన్స్' అని పేరు పడింది ఈ మిశ్రమానికే. 1893లో కడుపులో పెద్ద గడ్డతో మంచాన పడ్డ 16 ఏళ్ల కుర్రాడికి, జ్వరం వచ్చేదాకా మోతాదు కొంచెం కొంచెం పెంచుకుంటూ నాలుగు నెలలు ఇచ్చాడు. అతను 1919 దాకా బతికి గుండెపోటుతో పోయాడు. పార్క్ డేవిస్ కంపెనీ ఈ మందును 50 ఏళ్లకు పైగా తయారుచేసి అమ్మింది.

మరి అంత మంచి మందైతే ఎక్కడికి పోయింది, కంపెనీలు తొక్కేశాయా అని అడుగుతారు. ఈ మధ్య వాట్సాప్‌లో అలాంటి కథలు బాగా తిరుగుతున్నాయి. నేను ఒప్పుకోను. కోలీ మందులో లోపాలు కోలీ మందులోనే ఉన్నాయి. ఒక్కోచోట ఒక్కో రకంగా తయారయ్యేది. ఒక బ్యాచ్‌తో ఒళ్లు కాలిపోయే జ్వరం, ఇంకో బ్యాచ్‌తో ఉలుకూ పలుకూ లేదు. కొందరు గడ్డలోకి వేసేవాళ్లు, కొందరు కండలోకి. ఎన్నాళ్లు ఇవ్వాలో ఎవరికీ ఒక లెక్క లేదు. అదే సమయంలో 1895లో ఎక్స్‌రే, 1898లో రేడియం వచ్చాయి. ఇంత మోతాదు ఇస్తే ఇంత ఫలితం అని కొలిచి చెప్పగల పద్ధతి ఎదురుగా ఉన్నప్పుడు, జ్వరం తెప్పించి కాచుకుని కూర్చునే వైద్యాన్ని ఎవరు పట్టించుకుంటారు? కోలీ పనిచేసిన మెమోరియల్ ఆసుపత్రిలోనే జేమ్స్ యూయింగ్ అనే పెద్దాయన దాన్ని గట్టిగా వ్యతిరేకించాడు. 1936లో కోలీ పోయేనాటికి అది పక్కన పడిపోయింది. ఆయన కూతురు హెలెన్ నాట్స్ తండ్రి కేసులన్నీ ఒక్కొక్కటీ ఏరి, రాసి, 1953లో క్యాన్సర్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ పెట్టింది. ఆమె డాక్టర్ కాదు. ఆ గుట్టలుగుట్టల కాగితాలు ఆమె సర్దకపోయి ఉంటే ఇవాళ ఈ కథ మనదాకా వచ్చేది కాదు.

సరే, ఇప్పుడు అసలు ప్రశ్న. బ్యాక్టీరియా గడ్డను తిన్నదా? లేదు. చచ్చిన బ్యాక్టీరియా దేన్నీ తినదు. మరి గడ్డను కరిగించింది ఎవరు?

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. క్యాన్సర్ కణం ఇంటి దొంగ. మన ఒంట్లోనే పుట్టింది, మన కణాల ముఖమే దానిది. మన తెల్ల రక్తకణాలు దాని పక్కనుంచే తిరుగుతూ మనవాడేలే అని వదిలేస్తాయి. అప్పుడు అదే ఇంట్లోకి బయటివాడు ఒకడు, ఎప్పటినుంచో పోలీసులకు తెలిసిన పాత నేరస్తుడు, జొరబడ్డాడనుకోండి. వాడు అంతా కలియబెడతాడు, వాడకట్టంతా లేస్తుంది, లైట్లు వేస్తారు, మూల మూలా వెతుకుతారు. ఆ వెతుకులాటలో ఇంటి దొంగ కూడా దొరికిపోతాడు. బ్యాక్టీరియా చేసే పని అదే.

కొంచెం శాస్త్రంలోకి వస్తే, మన ఒంట్లో డెండ్రైటిక్ కణాలని ఉంటాయి. అవి దొరికిన ముక్కను తీసుకెళ్లి లింఫ్ గ్రంథిలో టీ కణాలనే తెల్ల రక్తకణాలకు చూపిస్తాయి. కానీ ముక్క చూపిస్తే సరిపోదు, ఇది ప్రమాదం అని ఇంకో సంకేతం కూడా ఇవ్వాలి. అది లేకపోతే టీ కణం కదలదు, పైగా ఆ ముక్కను ఇక పట్టించుకోనక్కర్లేదని తీర్మానించుకునే అవకాశం కూడా ఉంది. బ్యాక్టీరియా పైపొరలు, దాని డీఎన్ఏ ఆ ప్రమాద సంకేతాన్ని పుట్టిస్తాయి. వాటిని గుర్తుపట్టే టోల్ గ్రాహకాల గుట్టు 1990లలో విప్పారు, జూల్స్ హాఫ్‌మన్ ఈగల్లో, బ్రూస్ బ్యూట్లర్ ఎలుకల్లో. డెండ్రైటిక్ కణాలను కనుగొన్న రాల్ఫ్ స్టైన్‌మన్‌తో కలిపి 2011లో వాళ్లకు నోబెల్ ఇచ్చారు. స్టైన్‌మన్ క్లోమం క్యాన్సర్‌తో ప్రకటనకు మూడు రోజుల ముందే చనిపోయాడు, ఆ సంగతి కమిటీకి తెలియదు. తన జబ్బు మీద తన డెండ్రైటిక్ కణాలతోనే వైద్యం చేయించుకుంటూ వచ్చిన మనిషి ఆయన.

టీకాలో అసలు సరుకుతో పాటు కలిపి, శరీరం దాన్ని పట్టించుకునేలా చేసే పదార్థాన్ని అడ్జువెంట్ అంటారు. అది లేకుండా చాలా టీకాలు పనిచేయవు. ఎందుకు పనిచేయవో చాలా ఏళ్లు ఎవరూ సరిగా చెప్పలేకపోయారు. 1989లో చార్లెస్ జేన్‌వే దీన్ని ఇమ్యునాలజిస్టుల, అంటే రోగనిరోధక శక్తి మీద పనిచేసే శాస్త్రవేత్తల, మురికి రహస్యం అన్నాడు. జంతువుల్లో ప్రయోగాలకు వాడే ఫ్రాయిండ్ అడ్జువెంట్‌లో ఉండేది చంపిన క్షయ జాతి బ్యాక్టీరియా, నూనెలో కలిపి. మనుషులకు వేస్తే తట్టుకోలేరు, పుండ్లు పడతాయి.

క్షయ మాట వచ్చింది కాబట్టి బీసీజీకి, అంటే క్షయ టీకాకు వద్దాం. ఇక్కడున్న మీలో దాదాపు అందరి భుజం మీదా దాని మచ్చ ఉంటుంది. ఫ్రాన్స్‌లోని లీల్‌లో కాల్మెట్, గెరాన్ ఇద్దరూ పశువుల క్షయ బ్యాక్టీరియాను గ్లిజరిన్, పైత్యరసం కలిపిన ఆలుగడ్డ ముక్కల మీద పెంచుతూ, కొన్ని వారాలకోసారి కొత్త ముక్కకు మారుస్తూ పోయారు. 1908 నుంచి 1921 దాకా, 230 సార్లు. మధ్యలో మొదటి ప్రపంచ యుద్ధం, ఊరు జర్మన్ల చేతిలో. అయినా ఆపలేదు. చివరికి జబ్బు తెచ్చే శక్తి పోయి, ఒంటిని లేపే శక్తి మాత్రం మిగిలిన బ్యాక్టీరియా వచ్చింది. మన దేశంలో 1948లో మదనపల్లె శానటోరియంలో బీసీజీ వేయడం మొదలుపెట్టారు.

1959లో న్యూయార్క్‌లో లాయిడ్ ఓల్డ్ బృందం బీసీజీ ఎక్కించిన ఎలుకలు గడ్డలను బాగా తట్టుకుంటున్నాయని చూపించింది. ఆ తర్వాత 1975లో అదే ఓల్డ్ బృందం, బీసీజీ వేసి పైనుంచి బ్యాక్టీరియా విషం వేసిన ఎలుకల రక్తంలో గడ్డలను కుళ్లగొట్టే ఒక పదార్థం ఉందని చెప్పింది. ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్ అంటారు దాన్ని. తీరా దాన్నే మందుగా ఇద్దామంటే బీపీ పడిపోయి మనిషి షాక్‌లోకి పోతాడు. కోలీ రోగులను వణికించిందీ, వాళ్ల గడ్డలను విరగ్గొట్టిందీ చాలావరకు ఒకే కుటుంబానికి చెందిన పదార్థాలు.

అప్పుడు ఉత్సాహం ఎక్కువైంది. 1969లో పారిస్‌లో మాతే అనే డాక్టరు రక్త క్యాన్సర్ పిల్లలకు బీసీజీ ఇచ్చి మంచి ఫలితం వచ్చిందన్నాడు. బ్రిటన్‌లో మళ్లీ పరీక్షిస్తే ఆ ఫలితం రాలేదు. మెలనోమా అనే చర్మ క్యాన్సర్ గడ్డల్లోకి సూదితో బీసీజీ వేస్తే, వేసిన గడ్డలు చాలావరకు కరిగాయి. వేయని గడ్డలు కరగడం మాత్రం అరుదు. ఊపిరితిత్తులు, పేగులు, దేనికి పడితే దానికి ఇచ్చి చూశారు. ఎక్కువ చోట్ల చేతులెత్తేశారు.

ఎక్కడ పనిచేస్తుంది, ఎక్కడ చేయదు అని కూర్చుని ఆలోచించినవాళ్లు అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలోని జ్బార్, రాప్. నా దృష్టిలో ఈ కథలో అసలు హీరోలు వీళ్లే, పేర్లు మాత్రం ఎవరికీ తెలియవు. గినీ పందుల్లో కాలేయ క్యాన్సర్ కణాలతో గడ్డలు పెంచి ప్రయోగాలు చేశారు. వాళ్లు తేల్చినవి ఇవి: గడ్డ చిన్నదిగా ఉండాలి. బ్యాక్టీరియా నేరుగా గడ్డను తాకాలి, ఎక్కడో భుజం మీద వేస్తే కుదరదు. తగినంత మోతాదులో పడాలి. బ్యాక్టీరియా మీద తిరగబడే ఓపిక ఆ జంతువుకు ఉండాలి. ఈ నాలుగూ కుదిరితే గడ్డ పోవడమే కాదు, అదే క్యాన్సర్ మళ్లీ ఎక్కిస్తే ఆ జంతువు తిప్పికొడుతుంది. వేరే రకం క్యాన్సర్ ఎక్కిస్తే మాత్రం తిప్పికొట్టదు. అంటే ఇంటి దొంగ ముఖం గుర్తుండిపోయిందన్నమాట.

ఇప్పుడు ఈ నాలుగు షరతులూ మనిషిలో ఎక్కడ కుదురుతాయో ఆలోచించండి. గడ్డ పలచగా, పైపొరలోనే ఉండాలి. మందు దాన్ని తాకుతూ కాసేపు నిలవాలి. ఆ మందు ఒళ్లంతా పాకకూడదు. ఎవరైనా చెప్తారా? ...అవునమ్మా, మూత్రాశయం. సంచీ కదా, పోసింది నిలుస్తుంది, పని అయ్యాక బయటికి పోతుంది.

కెనడాలోని కింగ్‌స్టన్‌లో అల్వారో మొరాలెస్ అనే యూరాలజిస్టు 1976లో తొమ్మిది మంది రోగుల వివరాలు ప్రచురించాడు. వారానికి ఒకటి చొప్పున ఆరు డోసులు. ఆరే ఎందుకంటే ఆయన తెప్పించుకున్న మందు ఆరు సీసాల ప్యాకెట్‌లో వచ్చేది! (నవ్వులు) నవ్వకండి, ఇవాళ్టికీ ప్రపంచమంతా మొదట ఆరు వారాలే ఇస్తున్నారు. 1990లో అమెరికా ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. ఆరు వారాల తర్వాత అప్పుడప్పుడూ మూడేసి వారాలు, మూడేళ్ల దాకా కొనసాగిస్తే తిరగబెట్టడం ఇంకా తగ్గుతుందని డోనాల్డ్ లామ్ బృందం 2000లో చూపించింది. కండ పొరలోకి దిగని, తిరగబెట్టే ప్రమాదం ఎక్కువున్న మూత్రాశయ క్యాన్సర్‌కు ఈ రోజుకీ మొదటి మందు ఇదే. కండలోకి దిగిపోతే మాత్రం బీసీజీ పనికిరాదు, సంచీ తీసేయడమో రేడియేషనో చూడాలి.

ఎలా ఇస్తారో చెప్తా, భయపడేవాళ్లు ఉంటారు కాబట్టి. ముందు మూత్రమార్గం గుండా పరికరం పంపి గడ్డను గీకి తీసేస్తారు. ఆ పుండు మానడానికి కనీసం రెండు వారాలు ఆగుతారు. బీసీజీ పొడి రూపంలో చిన్న సీసాలో, 2 నుంచి 8 డిగ్రీల చలిలో, వెలుతురు తగలకుండా ఉంటుంది. దాన్ని 50 మిల్లీలీటర్ల సెలైన్‌లో కలిపి, సన్నని గొట్టంతో లోపలికి పోస్తారు. సూది లేదు, కోత లేదు. రెండు గంటలు ఆపుకోవాలి. కొన్నిచోట్ల కాసేపు కుడివైపు, కాసేపు ఎడమవైపు, కాసేపు బోర్లా పడుకోబెడతారు, మందు అన్ని గోడలకూ తగలాలని. ఆ సాయంత్రం మంట, మాటిమాటికీ మూత్రం, ఒళ్లు వెచ్చబడటం మామూలే. లోపల బ్యాక్టీరియా గోడకు అతుక్కుని, న్యూట్రోఫిల్స్, టీ కణాలు లాంటి తెల్ల రక్తకణాలు వరస కడుతున్నాయని అర్థం. మూత్రంలో స్పష్టంగా రక్తం పడుతున్నా, గొట్టం వేసేటప్పుడు గాయమైనా ఆ రోజు వాయిదా వేయాల్సిందే. బతికున్న బ్యాక్టీరియా అది, రక్తంలోకి పోతే ముప్పు.

మన దేశంలో పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ ఈ మందు తయారు చేస్తోంది. ప్రపంచంలో చాలాచోట్ల దీనికి కొరత ఉంది. ఈ జాతి బ్యాక్టీరియా రెండింతలు కావడానికి దాదాపు ఒక రోజు పడుతుంది, తొందరపెడితే తొందరపడదు. మా పిల్లలు ఇరవై నిమిషాలకోసారి రెట్టింపయ్యే ఈ.కోలైకి అలవాటు పడి, దీన్ని ప్లేటు మీద వేసి మర్నాడే వచ్చి చూస్తారు.

మన ప్రాంతం సంగతి ఒకటి చెప్పాలి. మూత్రాశయ క్యాన్సర్‌కు పెద్ద కారణం పొగ. జగిత్యాల, నిజామాబాద్ వైపు ఇంటింటా బీడీలు చుడతారు, తాగేవాళ్లూ తక్కువ కాదు. పొగలోని అరోమాటిక్ అమీన్లు అనే రసాయనాలు రక్తంలోంచి మూత్రంలోకి దిగి సంచీలో గంటల కొద్దీ నిలుస్తాయి. రంగుల ఫ్యాక్టరీ కార్మికులకు ఈ క్యాన్సర్ వస్తోందని జర్మనీలో రేన్ అనే సర్జన్ 1895లోనే చెప్పాడు, అక్కడా ఇవే అమీన్లు. మా ఊళ్లో ఒక పెద్దాయనకు మూత్రం ఎర్రగా వస్తే వేడి చేసిందన్నారు. సబ్జా గింజలు, బార్లీ నీళ్లు, కొబ్బరి నీళ్లు. రెండు రోజులకు రంగు మామూలైంది, తగ్గిందనుకున్నారు. ఇంకో నెలకు మళ్లీ వచ్చింది, మళ్లీ కొబ్బరి నీళ్లు. ఈ జబ్బు స్వభావమే అంత, నొప్పి లేకుండా రక్తం పడుతుంది, దానంతటదే ఆగుతుంది. ఆయన ఆసుపత్రికి వెళ్లేసరికి కండలోకి దిగింది. ఇందాక చెప్పిన మొదటి షరతు, గడ్డ చిన్నదిగా ఉండాలి అన్నది, ఆ కొబ్బరి నీళ్ల దగ్గరే పోయింది.

మిగతావి క్లుప్తంగా. బ్యాక్టీరియా మొత్తం అక్కర్లేదు, పనికొచ్చే ముక్క చాలు అని సాల్మొనెల్లా పైపొరలోంచి విషం తగ్గించిన లిపిడ్ అనే కొవ్వు పదార్థం తీశారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే సర్వారిక్స్ టీకాలో అడ్జువెంట్‌గా ఉన్నది అదే. క్షయ జాతి బ్యాక్టీరియా గోడలోని చిన్న ముక్క ఆధారంగా చేసిన మిఫామర్టైడ్‌ను ఎముక సార్కోమాకు ఐరోపాలో 2009లో అనుమతించారు. కోలీ మొదలుపెట్టిన జబ్బు అదే కదా. ఢిల్లీలో జి.పి. తల్వార్ బృందం జబ్బు చేయని మైకోబ్యాక్టీరియం ఒకదాన్ని చంపి కుష్ఠుకు టీకాగా తెచ్చింది. మన డిచ్‌పల్లిలో కుష్ఠు ఆసుపత్రి చూసినవాళ్లకు ఆ జబ్బు సంగతి తెలుసు. దాన్ని క్యాన్సర్‌లో కూడా పరీక్షించారు.

ఇక మెడికల్ షాపుల్లో, టీవీల్లో ఇమ్యూనిటీ పెంచే పొడులు అమ్ముతారు. ఇవాళ చెప్పినదాంట్లో దేనికీ వాటితో చుట్టరికం లేదు. ఇక్కడ పెంచడం కాదు విషయం, ఫలానా చోట, ఫలానా సమయంలో, ఫలానా మోతాదులో గొడవ పుట్టించడం. ఆ గొడవ తప్పుడు చోట పుడితే దాన్నే కీళ్లవాతం అంటాం.

ప్రశ్నలు అడగండి.

...తమ్ముడు మంచి ప్రశ్న వేశాడు. చిన్నప్పుడు అందరం బీసీజీ వేసుకున్నాం కదా, మరి మనకు ఈ క్యాన్సర్ రావద్దు కదా అని. భుజం మీద వేసింది మూత్రాశయాన్ని తాకలేదు, తాకడానికి అప్పుడు గడ్డా లేదు. కాబట్టి దాని భరోసా మీద బీడీ ముట్టించకు.

...ఆ అమ్మ అడుగుతున్నది: 'మా బాపుకు వచ్చే వారం నుంచి ఇదే మందు మొదలుపెడతామన్నరు సార్. ఇంట్ల చిన్న పిల్లలున్నరు. టీబీ అంటుకుంటదా?'

దగ్గితే, పక్కన కూర్చుంటే అంటుకోదమ్మా. మందు వేసిన రోజు ఆరు గంటల పాటు జాగ్రత్త చాలు. బాపును కూర్చునే మూత్రం పోయమను, చిందకుండా. పోసిన తర్వాత దాదాపు అంతే కొలత బ్లీచింగ్ ద్రావణం పోసి, పావుగంట ఆగి నీళ్లు కొట్టండి. చేతులు సబ్బుతో కడుక్కోవాలి. డాక్టరు వద్దనకపోతే ఆ రోజు మందు బయటికి పోయాక నీళ్లు బాగా తాగించండి. ఒక రోజుకు మించి పెద్ద జ్వరం ఉంటే ఇంట్లో ఉంచొద్దు, మందు వేసిన డాక్టరుకు ఫోన్ చేయండి. రాత్రిపూట వేరే ఆసుపత్రికి వెళ్లాల్సి వస్తే మూత్రాశయంలోకి బీసీజీ వేయించుకున్నాడని ముందే చెప్పండి, కాగితాలు చూపించండి. లేకపోతే వాళ్లు మామూలు మూత్రం ఇన్ఫెక్షన్ అనుకుని మామూలు యాంటీబయాటిక్ ఇస్తారు. బీసీజీ ఒంట్లోకి పాకితే టీబీ మందులు వాడాలి, అందులోనూ పైరజినమైడ్ దీని మీద పనిచేయదు. అది డాక్టర్లకు తెలిసిన సంగతే, కానీ బీసీజీ వేశారన్న సంగతి మీరు చెప్తేనే కదా వాళ్లకు తెలిసేది.